ఒక మాట ఎక్కడ దారి తప్పిందో విప్పి చూడటం ఎలా

కమ్యూనికేషన్ పాఠం మొదటి పేజీ తెరవగానే ఎదురయ్యేవి నిర్వచనాలు. పంపేవారు, సందేశం, మాధ్యమం, గ్రహీత, ప్రతిస్పందన. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టి, హాల్లోంచి బయటికి రాగానే వదిలేసే సరుకు. నేనూ అలాగే చదివాను, అలాగే వదిలేశాను. చాలా ఏళ్ల తర్వాత మా అక్కకూ నాకూ నాలుగు మాటల దగ్గర తేడా వచ్చింది. ఆ నాలుగు మాటలనూ కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాక గానీ ఈ పదాలన్నీ ఎందుకు పుట్టాయో బోధపడలేదు.

అందుకే ఈ సబ్జెక్టులోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే: భావనలను వరసపెట్టి నేర్చుకోకండి. మీరు పాల్గొన్న ఒక సంభాషణను తీసుకుని, ఒక్కో భావనతో దాన్ని విప్పండి. ఒక నోట్‌బుక్, ఒక గంట సమయం ఉంటే చాలు.

1. చిన్న సంభాషణను ఎంచుకుని, విన్నది విన్నట్టు రాయండి

పెద్ద గొడవ జోలికి పోవద్దు. ఏళ్ల తరబడి నలుగుతున్న పగలూ పంతాలూ ఈ పనికి పనికిరావు. రాయడం మొదలెట్టగానే కోపం తిరగబెడుతుంది. గత వారం పది రోజుల్లో జరిగినది, పది వాక్యాలు మించనిది, ముగిశాక మీకు "నేనన్నది అది కాదు కదా" అనిపించినది ఒకటి చూడండి.

రాసేటప్పుడు ఒకటే కట్టుబాటు. మీరు చూసిందీ విన్నదీ మాత్రమే రాయాలి, ఊహించింది రాయకూడదు. "విసుగ్గా అంది" అని రాస్తే అది అప్పుడే మీ తీర్పు. "గొంతు తగ్గించి అంది" అనేది మీ చెవికి వినిపించింది. ఈ తేడా పట్టుకోవడం అనుకున్నంత తేలిక కాదు. నా మొదటి ప్రయత్నంలో సగం వాక్యాలు కొట్టేయాల్సి వచ్చింది.

చివరికి నా కాగితం మీద మిగిలింది ఇదీ, ఫోన్లో జరిగిన సంభాషణ:

అక్క: ఆదివారం వస్తున్నావా?
నేను: చూస్తాలే అక్కా.
(నిశ్శబ్దం, ఒకటి రెండు సెకన్లు)
అక్క: సరే, నీ ఇష్టం.

ఫోన్ పెట్టేసింది. ఆదివారం పదకొండింటికి వెళ్లాను, తలుపుకు తాళం. ఫోన్ చేస్తే, "చూస్తాలే అన్నావుగా, రావనుకున్నా" అంది. "వస్తాననేగా దాని అర్థం!" అన్నాను నేను. అక్కడ మొదలైంది.

2. ముందు బొమ్మ గీయండి

హెరాల్డ్ లాస్‌వెల్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త 1948లో ఈ రంగానికి ఒక పొడవాటి ప్రశ్న ఇచ్చాడు: ఎవరు, ఏమిటి, ఏ దారిలో, ఎవరికి చెప్పారు, దాని ఫలితం ఏమిటి? మీ సంభాషణకు ఈ ఐదు గడులూ నింపండి, రెండు నిమిషాల పని. ఆయన ప్రశ్న ఎక్కువగా రేడియో, పత్రికల వంటి వాటిని చూడటానికి పనికొచ్చింది గనక ఇద్దరి మధ్య మాటకు అది కొంచెం వదులుగానే ఉంటుంది. ఫర్వాలేదు.

అదే ఏడాది టెలిఫోన్ ప్రయోగశాల అయిన బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న క్లాడ్ షానన్ ఒక గణిత వ్యాసం ప్రచురించాడు. ఇప్పటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో కనిపించే గడుల బొమ్మ అందులోదే: సమాచారం పుట్టే చోటు, దాన్ని సంకేతంగా మార్చేది, సంకేతం ప్రయాణించే దారి, దాన్ని తిరిగి విప్పేది, చివరికి చేరే చోటు. దారి మధ్యలోకి బయటి నుంచి ఒక బాణం గుచ్చుకుంటుంది. దాని పేరు నాయిస్, అంటే రొద.

ఈ బొమ్మ మీ కాగితం మీద గీసి, రొద ఎక్కడుందో వెతకండి. లైన్ బాగోలేనప్పుడు "ఇరవయ్యా, అరవయ్యా?" అని అడగని తెలుగువాళ్లుండరు. అవతలివాళ్లు "అరవై, ఆరు సున్నా" అంటారు. ఒకే సంగతిని రెండు రకాలుగా చెప్పి రొదను దాటడం అది. షానన్ సిద్ధాంతంలో దీనికి పెద్ద చోటే ఉంది, సాంకేతిక పదం రిడండెన్సీ. అదనపు మాట వృథా కాదు, భద్రత.

నా ఫోన్ సంభాషణలో మాత్రం లైన్ శుభ్రంగా ఉంది. అక్క ప్రతి అక్షరమూ వింది. షానన్ లెక్కన చూస్తే సందేశం చెక్కుచెదరకుండా చేరింది. అయినా తలుపుకు తాళమే. ఇంజినీరింగ్ సమస్యకు అర్థంతో సంబంధం లేదని షానన్ తన వ్యాసం మొదట్లోనే స్పష్టంగా రాశాడు. పాపం, తర్వాత వచ్చినవాళ్లే ఆ బొమ్మను మనుషుల మాటలకు యథాతథంగా తగిలించేశారు. మీ సంభాషణలోనూ రొద దొరక్కపోతే కంగారు పడకండి, అసలు కథ తర్వాతి అడుగులో ఉంటుంది.

3. చిక్కుపడ్డ మాటకు రెండు అర్థాలు రాయండి

తేడా మొదలైన మాట ఒకటి ఉంటుంది. దాని కింద గీత గీయండి. ఎడమవైపు మీ మనసులో ఉన్న అర్థం, కుడివైపు అవతలివాళ్లకు అందిన అర్థం రాయండి.

నా కాగితం మీద గీత పడ్డ మాట "చూస్తాలే". ఎడమవైపు: "వస్తాను, కాకపోతే ఏ టైముకో తెలీదు." కుడివైపు: "రాను, నీ మనసు నొప్పించడం ఇష్టం లేక ఇలా అంటున్నాను." నిఘంటువులో ఈ రెండూ లేవు. "చూస్తాను" అంటే ఒకటి, చివర "లే" తగిలిస్తే ఇంకొకటి. ఆ ఒక్క అక్షరం ఊరడింపు కావచ్చు (భయపడకులే), విసుగు కావచ్చు (ఇక చాల్లే), దాటవేత కావచ్చు. ఏదన్నది అక్షరం చెప్పదు, వినేవాళ్లు తేల్చుకోవాలి.

1923లో ఆగ్డెన్, రిచర్డ్స్ అనే ఇద్దరు ఇంగ్లిష్ పండితులు ఒక త్రిభుజం గీసి చూపించిందీ ఇదే. మాట ఒక మూల, అది సూచించే వస్తువు ఇంకో మూల, మనిషి తలలోని ఆలోచన పైమూల. మాటకూ వస్తువుకూ మధ్య నేరుగా దారి లేదు; అందుకే ఆ గీతను చుక్కలతో గీశారు. తల మీదుగానే వెళ్లాలి. విల్బర్ ష్రామ్ అనే అమెరికన్ కమ్యూనికేషన్ పరిశోధకుడు 1954లో దీనికి ఇంకో మాట చేర్చాడు: ఒక్కో మనిషికి ఒక్కో అనుభవ క్షేత్రం ఉంటుంది, రెండు క్షేత్రాలు కలిసినంత మేరకే మాట అందుతుంది. రెండు వలయాలు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కినట్టు బొమ్మ వేసుకోండి.

నిజానికి మన అలంకార శాస్త్రం చదివినవాళ్లకు ఇది పాత సంగతే. అభిధ (సూటి అర్థం), లక్షణ (సూటి అర్థం కుదరనప్పుడు తీసుకునే పక్క అర్థం), వ్యంజన (ధ్వనించే అర్థం) అని మూడు మెట్లు చెప్పి, "సూర్యుడు అస్తమించాడు" అనే వాక్యాన్ని ఉదాహరణగా చూపిస్తారు. పనివాడికి అది పని ఆపమని, పశువుల కాపరికి మందను ఇంటికి మళ్లించమని, ప్రియుడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు వేళయిందని. వాక్యం ఒక్కటే, వింటున్న చెవులే వేరు.

ఇక్కడ ఆగి ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి, ఇంట్లో ఎవరైనా ఉంటే. అందరికీ తెలిసిన ఒక పాటను మనసులో పాడుకుంటూ దాని దరువును బల్ల మీద వేలితో కొట్టండి. ఏ పాటో అవతలివాళ్లను కనిపెట్టమనండి. కొట్టే ముందు, వాళ్లు చెప్పగలరో లేదో మీ అంచనా రాసిపెట్టుకోండి. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఇదే చేయించింది. కొట్టినవాళ్లు సగం పాటలైనా పోల్చుకుంటారని అంచనా వేశారు. 120 పాటల్లో విన్నవాళ్లు పోల్చుకున్నవి 3. కొట్టేవాడి తలలో వాద్యాలతో సహా పాట మోగుతుంటుంది, వినేవాడికి టకటకలే. "ఇంత స్పష్టంగా చెబితే ఎందుకు అర్థం కాదు?" అని మీకు కోపం వచ్చినప్పుడల్లా మీరు బల్ల కొడుతున్నారేమో చూసుకోండి.

4. మాట ఏం పని చేసిందో అడగండి

జె.ఎల్. ఆస్టిన్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒక మామూలు విషయాన్ని పట్టుకున్నాడు: మనం మాటలతో సంగతులు చెప్పడమే కాదు, పనులు కూడా చేస్తాం. "మాటిస్తున్నాను" అనడమే మాటివ్వడం. "క్షమించండి" అనడమే క్షమాపణ కోరడం. కాబట్టి ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడగొచ్చు. పైకి ఏమంది? అలా అనడం ద్వారా ఏం చేసింది? దాని వల్ల ఏం జరిగింది?

మా అక్క అన్న "నీ ఇష్టం" మీద ఈ మూడూ పెట్టి చూశాను. పైకి, నాకు స్వేచ్ఛ ఇచ్చింది. చేసిన పని, ఆ విషయంలోంచి తాను తప్పుకోవడం, కొంచెం అలగడం కూడా. జరిగింది, నేను హాయిగా ఊపిరి పీల్చుకోవడం. చూశారా, రెండో గడికీ మూడో గడికీ పొంతనే లేదు. తెలుగులో "నీ ఇష్టం" అనేది నిజంగా ఇష్టానికి వదిలేసే సందర్భాలు ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి.

మరి పైకి ఒకటి అంటే లోపలిది మనకెలా అందుతుంది? దీనికి పాల్ గ్రైస్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1975లో అచ్చయిన వ్యాసంలో ఒక మార్గం చూపించాడు. మాట్లాడుకునే ఇద్దరూ సహకరించుకుంటున్నారనే నమ్మకంతోనే వింటాం: సరిపడా చెబుతారని, నిజం చెబుతారని, సందర్భానికి తగినది చెబుతారని, తికమక లేకుండా చెబుతారని. ఎవరైనా ఇందులో ఒకటి బాహాటంగా తప్పితే, దాని వెనక ఏదో ఉందని మనమే పూరించుకుంటాం. "సినిమా ఎలా ఉంది?" అంటే "సీట్లు బాగున్నాయి" అన్నారనుకోండి, ఇంకేమీ చెప్పక్కర్లేదు. అవుననో కాదనో తేలిపోయే ప్రశ్నకు నేను "చూస్తాలే" అన్నాను. సరిపడా చెప్పలేదు. మిగతాది అక్క పూరించుకుంది.

5. మాట కానివాటిని పక్కన రాసుకోండి

ప్రతి వాక్యం పక్కన చిన్న అక్షరాల్లో గొంతు, వేగం, విరామం, ఎదురుగా ఉంటే చూపు, దూరం రాయండి. దూరం మీద 1960ల్లో ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త చేసిన పని ప్రసిద్ధం. తన చుట్టూ ఉన్న అమెరికన్లను గమనించి, సుమారు అడుగున్నర లోపు అతి సన్నిహితులకు, 4 అడుగుల దాకా స్నేహితులకు, 12 అడుగుల దాకా పరిచయస్తులకు, ఆపైన సభకు అని నాలుగు వలయాలు చెప్పాడు. ఈ కొలతలు అందరికీ ఒకటే కాదని ఆయనే అన్నాడు. కాబట్టి అంకెల్ని కాకుండా ఆలోచనను తీసుకోండి.

విరామం మాత్రం వదలకండి. ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య వ్యవధి ఎంతో పది భాషల్లో కొలిచిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. ఆ వ్యవధి సెకనులో ఐదో వంతు దగ్గర తిరుగుతుంది. భాషకూ భాషకూ తేడా ఉంది గానీ స్వల్పమే. అవునని చెప్పే జవాబులు త్వరగా, కాదని చెప్పేవి కాస్త ఆలస్యంగా వస్తాయని కూడా అందులో తేలింది. ఈ లెక్కన ఒక సెకను మౌనం చాలా పెద్దది. నా "చూస్తాలే" తర్వాత అక్క ఊరుకున్న ఆ ఒకటి రెండు సెకన్లే నాకు అందిన ప్రతిస్పందన. నేనది వినలేదు, ఎందుకంటే అందులో మాట లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. "సంభాషణలో 7 శాతమే మాటలు, 38 శాతం గొంతు, 55 శాతం ముఖకవళికలు" అని వ్యక్తిత్వ వికాస క్లాసుల్లో చెబుతుంటారు. అది నిజమైతే తెలియని భాషలో సినిమా చూసి 93 శాతం అర్థం చేసుకోవచ్చు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. ఒకదాంట్లో "మేబీ" అనే ఒకే మాటను వేర్వేరు గొంతులతో వినిపిస్తూ ముఖాల ఫొటోలు చూపించారు. మాటకూ గొంతుకూ ముఖానికీ పొంతన లేనప్పుడు, అవతలి మనిషికి మన మీద ఇష్టమా అయిష్టమా అని దేన్ని బట్టి పోల్చుకుంటామన్నదే అక్కడి ప్రశ్న. మొత్తం కమ్యూనికేషన్‌కు ఆ లెక్క వర్తించదని మెహ్రాబియనే చెప్పాడు. మీ నోట్స్‌లో ఆ అంకెలు రాసుకుని ఉంటే కొట్టేయండి. ("మేబీ" అంటే మా "చూస్తాలే"కు దగ్గరి చుట్టమే, అది వేరే సంగతి.)

మీది మెసేజ్‌లలో జరిగిన సంభాషణ అయితే ఈ అడుగులో కాగితం దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీయే మీకు దొరికిన జవాబు. రాసేవాళ్లు తమ వెటకారాన్ని తమ గొంతుతోనే చదువుకుంటారు, చదివేవాళ్లకు ఆ గొంతు వినిపించదు.

6. రెండో పొర చదవండి

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన భావన ఇది. పాల్ వాట్‌జ్లవిక్, జానెట్ బీవిన్, డాన్ జాక్సన్ అనే ముగ్గురు పరిశోధకులు 1967లో రాసిన పుస్తకంలో, ప్రతి సందేశానికీ రెండు పొరలుంటాయన్నారు. ఒకటి విషయం. రెండోది బంధం, అంటే "నువ్వు నాకేమవుతావు, నేను నీకేమవుతాను" అని ఆ మాట చెప్పకుండా చెప్పేది. చాలా తగాదాలు మొదటి పొర మీద జరుగుతున్నట్టు కనిపిస్తూ రెండో పొర మీద నడుస్తుంటాయి.

ప్రతి వాక్యం కింద రెండు గీతలు గీసి రెండు పొరలూ రాయండి. "ఆదివారం వస్తున్నావా?" విషయం: ఆదివారం నీ రాక. బంధం: నేను పిలిస్తే నువ్వు వచ్చేవాడివేనా? "చూస్తాలే." విషయం: ఇంకా తేల్చలేదు. బంధం: మనలో మనకు ముందస్తు అపాయింట్‌మెంట్లు ఎందుకు? నేను దగ్గరితనం అనుకుని పంపింది అక్కకు నిర్లక్ష్యంగా చేరింది. ఇది రాసుకున్నాక నాకు కాసేపు ఏమీ తోచలేదు.

అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. సాగుతున్న వ్యవహారంలో కథ ఎక్కడ మొదలైందో ఎవరికి వారు వేరే చోట గీత గీస్తారు. "నేను గట్టిగా మాటివ్వను, ఎందుకంటే అక్క మరీ పట్టుబడుతుంది" అని నా లెక్క. "వాడు గట్టిగా మాటివ్వడు, అందుకే పట్టుబడాల్సి వస్తుంది" అని అక్క లెక్క. గొలుసు ఒక్కటే, ఇద్దరం చెరో లింకు పట్టుకుని ఇదే మొదలంటున్నాం. మీ సంభాషణకు ముందు ఏం జరిగిందో రెండు మూడు వాక్యాలు రాసి, అవతలివాళ్లు ఏ వాక్యం నుంచి మొదలుపెడతారో ఊహించి గుర్తు పెట్టండి.

కమ్యూనికేట్ చేయకుండా ఉండటం కుదరదని కూడా వాళ్లు అన్నారు. ఆ మాట మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. చూసినవాళ్లు ఊహించుకున్న ప్రతిదాన్నీ కమ్యూనికేషన్ అనేస్తే ఎలా అని. వాదం అలా ఉంచి, ఆ ఆదివారం మా అక్క వేసుకెళ్లిన తాళం మాత్రం నాతో చాలానే మాట్లాడింది.

7. ఎక్కడ సరిదిద్దుకోవచ్చో గుర్తు పెట్టండి

సంభాషణలో పొరపాట్లు మామూలే. వాటిని అక్కడికక్కడే సర్దుకునే ఏర్పాటూ అందులోనే ఉంటుంది. 1977లో షెగ్లాఫ్, జెఫర్సన్, శాక్స్ అనే ముగ్గురు సంభాషణ పరిశోధకులు దీన్ని "రిపేర్" అన్నారు. "మంగళవారం, కాదు కాదు, బుధవారం" అనడం రిపేరే. సరిగా వినపడక "ఆఁ?" అనడమూ రిపేరే. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని ఎన్నో భాషల్లో ఈ పనికి ఇంచుమించు ఇలాంటి చిన్న శబ్దమే ఉందని 2013లో వచ్చిన ఒక పరిశోధన చెబుతుంది.

మీ కాగితం మీద, ఒక్క ప్రశ్న వేసి ఉంటే కథ మారిపోయేదనిపించే చోట ఒక చుక్క పెట్టండి. ఆ ప్రశ్న ఏమిటో మామూలు భాషలో రాయండి. పుస్తకాల్లో "మీరు చెప్పింది నాకిలా అర్థమైంది" అని తిరిగి అప్పగించమంటారు. ఇంట్లో అలా మాట్లాడితే నవ్వుతారు. "అంటే, వస్తున్నట్టా రానట్టా?" అంటే సరిపోతుంది. నా చుక్క ఆ మౌనం మీద పడింది. "ఏంటక్కా, అలా ఊరుకున్నావు?" అని ఉండాల్సింది.

8. వీలైతే కాగితం పట్టుకెళ్లి అడగండి

ఇప్పటిదాకా కుడివైపు గడుల్లో రాసిందంతా మీ ఊహే. కోపం చల్లారి ఉంటే, మనిషి దగ్గరివాళ్లయితే, వెళ్లి అడగండి. "నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు" అని మొదలెట్టొద్దు. "ఆ మాట అన్నప్పుడు నీకేమనిపించింది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. మధ్యలో మీ సంజాయిషీ పెట్టారంటే మళ్లీ మొదటికొస్తుంది.

నేను అడిగాను. దాటవేత అనుకుని ఉంటుందని రాసుకున్నాను గదా, అక్క వేరే సంగతి చెప్పింది. "నాన్న ఏ పనైనా 'చూస్తాలే' అన్నారంటే అది ఇక కాదని అర్థం. చిన్నప్పుడు నేనెన్నిసార్లు విన్నానో నీకేం తెలుసు, నువ్వు అప్పటికి పుట్టనే లేదు." నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది మా అక్క. నాకు ఊహ తెలిసేసరికి నాన్న ఆ మాట మానేసినట్టున్నారు. ష్రామ్ వలయాలు గీసినప్పుడు ఒకే ఇంట్లో పెరిగాం కదా అని రెండింటినీ దాదాపు ఒకదాని మీద ఒకటి వేసేశాను. ఆ బొమ్మ కొట్టేసి కొత్తది గీయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఫోన్ చేసినప్పుడు అక్క అడిగే తీరు మారింది. "ఆదివారం వస్తున్నావా? చూస్తాలే అనకుండా చెప్పు."